ఇసుకదిబ్బ మీద నింపిన కేసెట్

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో మొదట నవ్వేవాణ్ణి నేనే. మా ఊళ్లో ఏ ఆడమనిషికైనా దేవుడో దయ్యమో ఒంటి మీదికి వస్తే అందరూ దండం పెట్టేవాళ్లు, నేను వెనక నిలబడి ఆమె ఎవరి చీర కట్టుకుందో చూసేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేసిన మనిషిని, పుస్తకాలు చదివి మానుకున్న నమ్మకం కాదు నాది. కంటికి కనబడనిది, చేతికి అందనిది లేదనుకున్నాను, అంతే. ఇప్పటికీ దయ్యాన్ని చూశానని చెప్పను. నేను చూడలేదు. వినలేదు కూడా. నా బాధ అదే.

సాయిలు మా గంగామణి అక్క భర్త. మాది నిజాంసాగర్ కాలువ కింది ఊరు, వాళ్లది మంజీర ఒడ్డు. ఏ పని ఉన్నా రెండు ఊళ్లకూ బాన్సువాడే.

మా వైపు బావను బామ్మర్ది ఆటపట్టించాలి, బావ పడాలి. కోపం తెచ్చుకుంటే తప్పు బావదే అవుతుంది. పెండ్లినాడు నేను ఆయన పాన్‌లో కారప్పొడి పెట్టాను. కండ్లలో నీళ్లు కారుతుంటే కూడా నవ్వుతూ నమిలాడు. అంత మెత్తని మనిషి. ఆ మెత్తదనం చూసి నాకు ఇంకా ఆటపట్టించాలని బుద్ధి పుట్టేది.

బావకు ఒక అన్న ఉండేవాడు, బాలయ్య. బావ ఏడో తరగతి చదివాడని ఆయన ఒక్కడే బావను 'పంతులూ' అని పిలిచేవాడు. మేము దుబాయి పోవడానికి ఆరేళ్ల ముందు అన్నదమ్ములిద్దరూ ఇల్లు కట్టుకుందామని ఎడ్లబండి మీద మంజీరకు ఇసుక కోసం పోయారు. పైన దొరికే ఇసుకలో మన్ను ఉంటుంది. ఒడ్డున ఎత్తుగా ఉండే గడ్డ కింద తొలుచుకుంటూ లోపలికి పోతే కడిగినట్టున్న గట్టి ఇసుక దొరుకుతుంది. అందరూ అట్లాగే తొలిచేవాళ్లు, అందరికీ అది కూలుతుందని తెలుసు. ఆరోజు బాలయ్య లోపల ఉన్నాడు. గడ్డ కూలింది. బావ ఊళ్లోకి పరుగెత్తి మనుషులను పిలుచుకొచ్చాడు. తవ్వి తీసేసరికి అంతా అయిపోయింది.

వాళ్లమ్మ రాజవ్వ ఏడవలేదు. బావ రెండు రెక్కలు పట్టుకుని ఒక్కటే అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"పిలిచిండారా? నన్ను గాని నిన్ను గాని పిలిచిండా?"

"లేదవ్వా. గడ్డ ఒక్కసారే పడ్డది. మాట రాలే."

ఆ మాట పట్టుకుని ఆ ముసలామె బతికింది. పరామర్శకు ఎవరొచ్చినా అదే చెప్పేది. "నా బాలయ్యకు ఏం తెల్వలే బిడ్డా. నిద్రల పోయినట్టు పోయిండు." అది చెప్పుకున్నాకే నోట్లో ముద్ద పెట్టుకునేది. మిగిలిన ఒక్క కొడుకు చేతి ముద్ద.

ఆ తర్వాత నేను, బావ ఒకే ఏజెంటు ద్వారా దుబాయి పోయాం. సెంట్రింగ్ పని. ఒకటే కంపెనీ, ఒకటే గది, పైమంచం నాది, కిందిమంచం బావది. కోటగిరి దిక్కు మల్లయ్య అన్న కూడా మా గదిలోనే ఉండేవాడు. ఇది తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది నాటి సంగతి.

అప్పట్లో ఫోన్ మాట్లాడటం మాలాంటివాళ్లకు ఎక్కడ అందేది? ఉత్తరం రాయడం నాకు చేతకాదు, చదవడం మా వాళ్లకు చేతకాదు. అందుకే కేసెట్లు నింపి పంపేవాళ్లం. ఒక వైపు మేము మాట్లాడి, సెలవు మీద ఇంటికి పోయేవాళ్ల చేతికి ఇస్తే, రెండో వైపు ఇంటివాళ్లు మాట్లాడి తిరిగి పంపేవాళ్లు. మేము నింపిన వైపు చెరిగిపోకుండా కేసెట్ వీపున ఉండే చిన్న పలుకును విరగ్గొట్టేవాళ్లం. అది విరిగితే ఆ వైపు ఇంకేమీ ఎక్కదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

రాజవ్వ కేసెట్ వినే తీరు అక్క చెప్పేది. వాకిట్లో మంచం వేసి, టేప్‌రికార్డర్‌కు చెవి ఆనించి, కొడుకు గొంతు వస్తుంటే దాని మీద చెయ్యి వేసి కూర్చునేదట. ఆమె మాట ఎప్పుడూ ఒక్కటే వచ్చేది: "ఎప్పుడొస్తవు కొడుకా?" బావకు ఇంకో నాలుగు నెలల్లో కంపెనీతో రాసుకున్న పత్రం గడువు అయిపోతుంది. ఇంటికి పోయి మళ్లీ రానని, అవ్వ దగ్గరే ఉంటానని చెప్పుకునేవాడు. ఆయనకు వేరే కోరిక ఉన్నట్టు నేను ఎప్పుడూ వినలేదు.

ఒక శుక్రవారం మా కంపెనీ బండి నడిపే పఠాన్ అన్న, పొద్దున్నే పోయి మధ్యాహ్నం తిండికల్లా వచ్చేద్దామని మమ్మల్ని ఎడారికి తీసుకుపోయాడు. అక్కడ దొరల్లాంటివాళ్లు పలకల మీద కూర్చుని ఇసుకదిబ్బల మీద నుంచి కిందికి జారుతారట. కిరాయి పలకలు మనకెందుకని మేము సైటులో పనికిరాని ప్లైవుడ్ ముక్క ఒకటి వేసుకున్నాం. సెంట్రింగ్ నూనె తాగి తాగి దాని మొహం అద్దంలా ఉంది. దాని మీద కొవ్వొత్తి రుద్దాం. ముందు రెండు తూట్లు పొడిచి తాడు కట్టాం, పట్టుకోవడానికి.

ఆ ఇసుక మన ఇసుక కాదు. ఎర్రగా, దంచిన పసుపు పొడిలాగా మెత్తగా, గుప్పిట్లో నిలవదు. ఎక్కడమే చాలా కష్టం. రెండు అడుగులు పైకి వేస్తే ఒక అడుగు కిందికి దిగిపోతాం. పైకి చేరేసరికి గుండె నోట్లోకి వస్తుంది. కూర్చుని, వెనక్కి వాలి, మడమలు ఎత్తితే చాలు, పలక దానంతటదే పోతుంది. మొదటిసారి జారినప్పుడు నాకు కడుపు పైనే ఉండిపోయి నేను కిందికి పోయినట్టు అనిపించింది. మడమలు దించితే ఆగుతుంది, కానీ ఎవడూ ఆపడు. కింద పల్టీ కొట్టి లేస్తే పళ్ల సందుల్లో, చెవుల్లో, బనీను లోపల ఇసుకే. అంత సంతోషం దుబాయిలో మళ్లీ నాకు దొరకలేదు. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ ఆ జారుడు కలలోకి వస్తుంది.

బావ బండి నీడలోనే కూర్చున్నాడు. చెప్పులు కూడా విడవలేదు.

"ఏంది బావా, మంజీర ఒడ్డున పుట్టి ఇసుకకు భయపడ్తవా?" అన్నాను.

"నాకొద్దు పోశెట్టి. మీరు ఆడుండ్రి."

"అక్కకు చెప్త, నీ మొగడు ఆడోళ్ల లెక్క బండి కింద కూసున్నడని."

మల్లయ్య అన్న నవ్వాడు. పఠాన్ అన్నకు తెలుగు రాకపోయినా నవ్వాడు. బావ కూడా నవ్వాడు, పాన్ నమిలిన ఆనాటి నవ్వే.

బాలయ్య సంగతి ఆ క్షణంలో మరిచిపోయానని చెబితే మీరు నమ్ముతారు. కానీ మరిచిపోలేదు. గుర్తుండే అన్నాను. భయపడే మనిషిని భయపెడితేనే కదా తమాషా.

నా దగ్గర చిన్న టేప్‌రికార్డర్ ఉండేది. అక్కకు పంపే కేసెట్ అందులోనే ఉంది, మొదటి వైపు చివర కొంచెం మిగిలి ఉంది. మల్లయ్య అన్న చేతికిచ్చి, "అన్నా, మా బావ ఒర్లుడు నింపు, ఇంటికాడ ఇని నవ్వుతరు," అన్నాను. తర్వాత ముగ్గురం పోయి బావను రెక్కలు పట్టుకుని దిబ్బ మీదికి ఎక్కించాం. ఎక్కాడంటే నా మాట నమ్మి ఎక్కాడు. "నేను ఎనకాల కూసుంట, నిన్ను పట్టుకుంట, నీ మీద ఒట్టు," అన్నాను. పలక మీద ముందు ఆయనను కూర్చోబెట్టాను. తాడు రెండు చేతులా పట్టుకున్నాడు. మెడ వెనక చెమట ధారగా కారుతోంది.

"కూసున్నవా పోశెట్టి?"

"కూసున్న," అన్నాను, నిలబడే.

ఆయనకు అనుమానం వచ్చినట్టుంది. తాడు వదిలి కుడిచెయ్యి వెనక్కి చాపాడు. "చెయ్యియ్యి," అన్నాడు. నేను చెయ్యి ఇవ్వకుండా వీపు మీద తన్నాను.

సగం దాకా బాగానే పోయాడు, గొంతు చించుకుని ఒర్లుకుంటూ. సగంలో పలక అడ్డం తిరిగింది. ఆయన తల కిందులుగా పోయి ఒక మెత్తని గుంటలో పడ్డాడు, పైనుంచి ఇసుక నీళ్లలాగా ఆయన మీదికి దిగింది. కాసేపు ఒక చెయ్యి మాత్రమే కనబడింది. వేళ్లు ఆడుతున్నాయి. మేము పైన నిలబడి నవ్వాం. నేను అయితే కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాను.

మునిగిపోయేంత ఇసుక కాదది. ఆయనే లేచాడు. లేచి మోకాళ్ల మీద కూర్చుని కక్కాడు. మేము కిందికి పోయేసరికి ఆయన తాను పడ్డ గుంటనే చూస్తున్నాడు. లుంగీ తడిసి ఉంది. అది చూసి కూడా మల్లయ్య అన్న ఏదో అన్నాడు, నేను మళ్లీ నవ్వాను.

తిరుగుదారిలో బావ ఒక్కటే మాట మాట్లాడాడు.

"ఆ కేసెట్ పంపకు పోశెట్టి. అవ్వ ఇంటది. ఇసుకల పడ్డ సప్పుడు అవ్వ ఇనొద్దు."

"పంపను తియ్యి," అన్నాను.

గదికి వచ్చి, తిండి తిన్నాక, బావ స్నానానికి పోయినప్పుడు నేను, మల్లయ్య అన్న ఆ కేసెట్ పెట్టుకుని విన్నాం. ముందు నా మాట: "అక్కా, ఇగ నీ మొగని తమాషా ఇను." తర్వాత గాలి. బావ ఒర్లుడు. మా నవ్వులు. టేపు అయిపోయింది. అంతే ఉంది. రెండుసార్లు విన్నాం, రెండుసార్లూ అంతే. పలుకు విరగ్గొట్టాను. మరుసటి వారం మల్లయ్య అన్న సెలవు మీద పోతుంటే గుడ్డలో కుట్టి ఆయన చేతికిచ్చాను. బావకు చెప్పలేదు.

రెండు నెలలకు మల్లయ్య అన్న తిరిగొచ్చాడు. ఊరి నుంచి వచ్చినవాడు గది అంతా సందడి చేయాలి. ఆయన సకినాల డబ్బా, కేసెట్ నా మంచం మీద పెట్టి మాట్లాడకుండా స్నానానికి పోయాడు. నేను పట్టించుకోలేదు. అక్క ఎంత నవ్విందో విందామని బావ ముందే రెండో వైపు పెట్టాను. కోడి అరుపు వినబడింది. ఎవరో ముక్కు చీదారు. తర్వాత రాజవ్వ.

"సాయిలూ. మీ అన్న మాట్లాడిండు. చెయ్యి బయటనే ఉందని చెప్పిండు." మళ్లీ కోడి అరిచింది. "పిలిచిండు గదరా నిన్ను."

అంతే. ఆ తర్వాత అంతా ఖాళీ టేపు. అది అయిపోయేదాకా ఎవరమూ ఆపలేదు.

నాకు ఏమీ అర్థం కాలేదు. బావ ముఖం మాత్రం చూశాను. ఆ ముఖం గురించి నేను చెప్పలేను.

స్నానం చేసి వచ్చిన మల్లయ్య అన్నను బయటికి లాక్కుపోయి అడిగాను. ఆయన చెప్పింది ఇది. పట్టపగలు, వాకిట్లో మంచం మీద కేసెట్ పెట్టారు. రాజవ్వ, అక్క, పక్కింటి ఆమె, చాయ్ తాగుతూ ఈయన. బావ ఒర్లుడు వచ్చింది, అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు మా నవ్వుల నడుమ నుంచి ఒక గొంతు వచ్చింది. దూరం నుంచి కాదు, టేప్‌రికార్డర్‌కు నోరు ఆనించి మాట్లాడినట్టు. "పంతులూ, పోకురా. నా చెయ్యి బయటనే ఉంది." రాజవ్వ ఎవరినీ ఏమీ అడగలేదు. మళ్లీ పెట్టమంది. మళ్లీ వచ్చింది. ఏడుసార్లు పెట్టించుకుందట.

"అన్నా, నువ్వూ నేనూ కలిసి ఇన్నం గద గదిల. అట్లాంటిది ఏమన్న ఉండెనా?"

"లేకుండె," అన్నాడు. "మల్ల అక్కడ ఉండె. నన్ను ఏం అడగకు పోశెట్టి."

గదిలోకి వచ్చి ఇద్దరి ముందే మొదటి వైపు పెట్టాను. గాలి, ఒర్లుడు, నవ్వులు. నాకు వేరే ఏమీ వినబడలేదు. మల్లయ్య అన్న లేచి వచ్చి మీట నొక్కి ఆపేశాడు.

"నీకు నిజంగ ఇనబడ్తలేదా?" అన్నాడు.

నేను బావ వైపు తిరిగాను. "నీకు ఇనబడ్డదా బావా?"

"నాకు రోజూ ఇనబడ్తది," అన్నాడు బావ. "నాకు కేసెట్ ఎందుకు."

తర్వాత, తల ఎత్తకుండా, చెప్పాడు.

"మోచెయ్యి దాక బయటనే ఉండె. మూతి కాడ గింత సందు ఉండె. గవ్వే మాటలు అన్నడు. నేను పట్టుకుని గుంజిన. పైన గడ్డ మల్ల పలిగింది. ఇడిసిపెట్టి ఉర్కిన."

"మనుషుల కోసమే గద ఉర్కింది?"

"లే. బండి కింద దూరిన. ఎంతసేపు ఉన్ననో తెల్వది. ఎడ్లు బెదిరి కదిలినంక అప్పుడు ఊళ్లెకు పోయిన. నేను మనుషులను తెచ్చేసరికి చెయ్యి లేకుండె."

ఈ సంగతి అక్కకు కూడా తెలియదు. ఆ మాటలు విన్నవాడు బావ ఒక్కడే, అన్నవాడు పోయాడు. నేను 'బండి కింద కూసున్నడని అక్కకు చెప్త' అన్నది అప్పుడు గుర్తొచ్చింది.

బావ పత్రం అయిపోయి ఇంటికి పోయాడు. నేనూ సెలవు పెట్టి వెంట పోయాను, నా తప్పు నేను ఒప్పుకుందామని. రాజవ్వ గడప మీద కూర్చుని ఉంది. బావ ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఆమె తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండేది. కాళ్లు వెనక్కి తీసుకుని, "కోడలా, మీ తమ్మునికి నీళ్లియ్యి," అంది. నాకు నీళ్లు ఇప్పించింది. నేను ఆమె పక్కన కూర్చుని, అత్తా, తప్పంతా నాది, తమాషాకు చేసిన అన్నాను. నా తల మీద చెయ్యి వేసి, "నువ్వేం జేసినవు బిడ్డా. నీ కేసెట్‌తోనే గద నా కొడుకు మాట ఇన్న," అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్ర లేపుతుంది.

ఆ తర్వాత ఆమె ఐదేళ్లు బతికింది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. కొడుకు తెచ్చిన బియ్యం తినలేదు. అక్క తన కూలితో వేరే గిన్నెలో వండిపెట్టేది. ఏళ్ల తరబడి చెప్పుకున్న "నిద్రల పోయినట్టు పోయిండు" అన్న మాట మళ్లీ ఆమె నోట రాలేదు. బావ ప్రతిరోజూ ముద్ద కలిపి ఆమె ముందు పెట్టేవాడు. చీమలు పట్టేదాకా ఉండి, తీసి కోళ్లకు వేసేవాడు. ఒక్కరోజు కూడా మానలేదు.

ఆఖరికి బాన్సువాడ దవాఖానలో చేర్చాం. ఇగ లాభం లేదు, ఇంటికి తీసుకపోండ్రి అన్నారు డాక్టర్లు. ఆటోలో ఎక్కించేటప్పుడు ఆమెకు కాలు ఎత్తడం రాలేదు. బావ ముందు ఎక్కి, వంగి, చెయ్యి చాపాడు. "అవ్వా, చెయ్యియ్యి," అన్నాడు. ఆమె ఆ చేతిని చాలాసేపు చూసింది. చూసి, తన రెండు చేతులూ కొంగు లోపల పెట్టుకుంది. నేనే ఎత్తి కూర్చోబెట్టాను. ఇల్లు చేరకముందే, దారిలోనే పోయింది. బావ చాపిన చెయ్యి అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కేసెట్ నా దగ్గరే ఉంది. కొన్నేళ్ల క్రితం, ఎవరో మోసం చేసి ఎక్కించారేమోనని, బాన్సువాడ బస్టాండు పక్కన టేపులు బాగుచేసే అతని దగ్గరికి తీసుకుపోయాను. ఏమీ చెప్పకుండా చూడమన్నాను. విప్పి చూశాడు. అతుకు లేదు, మొదటి వైపు పలుకు విరిగే ఉంది, మళ్లీ ఎక్కించిన జాడ లేదన్నాడు. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని చివరిదాకా విన్నాడు. విని, తీసి, నా ముఖం చూశాడు.

"గింతమంది గట్ల నవ్వుతుండ్రేంది అన్నా? గా మనిషి పిలుస్తుండు గద," అన్నాడు.

అతనికి మేమెవరో తెలియదు. బాలయ్య ఎవరో తెలియదు. గదిలో మొదట విన్నప్పుడు లేని గొంతు ఊళ్లో ఎట్లా వచ్చిందో, వచ్చినది అందరికీ వినబడి నాకెందుకు వినబడదో నాకు తెలియదు. ఎవరైనా చెబితే వింటాను. ఇప్పటికీ ఏడాదికి ఒకసారి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకుంటాను. గాలి వస్తుంది, బావ ఒర్లుడు వస్తుంది. ఆ తర్వాత నా నవ్వు. ఈసారైనా అది ఆగి, దాని వెనక ఏముందో నాకు వినబడుతుందని చెవి ఆనిస్తాను. టేపు అయిపోయేదాకా నేను నవ్వుతూనే ఉంటాను.